గోడ మీద చేపలు

అమ్మా,

నీ నడుం నొప్పి తగ్గిందో లేదో చెల్లి రాయలేదు. అడిగితే "అమ్మ చెప్పొద్దంది" అంటోంది. అంటే తగ్గలేదన్నమాట. బడి వరండా ఒక్కపూటే ఊడ్చి, రెండో పూట పిల్లలకి వదిలెయ్యమంటే వినవు కదా.

ఫోన్లో అయితే నువ్వు "తిన్నావా" దగ్గర మొదలుపెట్టి "తిను" దగ్గర ఆపేస్తావు. అందుకే రాస్తున్నాను. చెల్లీ, ఇది అమ్మకి చదివేటప్పుడు నీకు నచ్చని ముక్కలు మింగెయ్యకు. పోయినసారి నిన్ను తిట్టిన పేరా అమ్మ దాకా చేరలేదని నాకు తెలిసిపోయింది. ఒక్క అక్షరం వదలకుండా చదువు.

అమ్మా, నేను ఈ వారం ఒక మంచి పని చేశాను. ముందు అల్లుడుగారి గురించి చెప్పాలి.

అల్లుడుగారంటే మనిషి కాదు, టీవీ. బళ్ళని బాగుచేసే పథకం ఒకటి వచ్చిందని చెప్పాను కదా. ప్రతి బడికీ పాఠాలు చూపించడానికి గోడకి ఒక పెద్ద టీవీ ఇచ్చినట్టు పై ఆఫీసు కాగితాల్లో ఉంది. మా చుట్టుపక్కల బళ్ళన్నిటికీ కలిపి పనిచేసేది ఒక్కటే. అది లారీల రోడ్డు అవతలి పెద్ద బళ్ళో ఉంటుంది. తనిఖీ ఆఫీసరు వస్తున్నాడంటే దాన్ని దుప్పట్లో చుట్టి ఆటో ఎక్కిస్తారు. ఒక బళ్ళో ఆఫీసరుకి టీ ఇచ్చి మాటల్లో పెడతారు. ఆయన కప్పు కింద పెట్టేలోగా టీవీ వెనక గుమ్మం లోంచి పక్క బడికి బయల్దేరుతుంది. ఎక్కడికెళ్ళినా అందరూ ఎదురుచూస్తారు, ఇద్దరు పట్టుకుని దించుతారు, వచ్చి ఏ పనీ చెయ్యదు. అందుకే మా హెడ్మాస్టరు పెద్దసారు దానికి ఆ పేరు పెట్టాడు. అందులో పాఠాలు రావు. సముద్రంలో చేపలు ఈదే బొమ్మ ఒక్కటే వస్తుంది. పిల్లలకి ఆ చేపలంటే ప్రాణం. పిచ్చుక అని ఒక పిల్ల ఉంది మా బళ్ళో, గుప్పెడంత మనిషి. "టీచర్, మళ్ళీ చేపలెప్పుడొస్తాయి?" అని రోజూ ప్రాణం తీస్తుంది.

"మన బడికి టీవీ లేదని చెబితే ఇస్తారు కదా సార్, ఎందుకీ మోత?" అని పెద్దసారుని అడిగాను. "నువ్వు చేరి ఎన్నాళ్ళయిందమ్మా?" అన్నాడు. కొత్తగా చేరానన్నాను. "అదీ సంగతి" అని నవ్వి వెళ్ళిపోయాడు.

తనిఖీ రోజు ఆయనకి జ్వరం. బడి నా చేతిలో ఉంది. ఆటో వచ్చింది. నేను దించనివ్వలేదు. "పెద్దసారుకి ఒక్క ఫోన్ కొట్టండి టీచరమ్మా" అని ఆటో అతను బతిమాలాడు. "అక్కర్లేదు, తిప్పు" అన్నాను.

ఆఫీసరుకి ఉన్నది ఉన్నట్టు చూపించాను. కారే కప్పు, తలుపు లేని మరుగుదొడ్డి, టీవీ కోసం కొట్టిన మేకులు. ఆయన ఆ మేకుల వంక చాలాసేపు చూశాడు. "రిపేరుకి పంపారేమో, గుర్తు తెచ్చుకోండి" అన్నాడు. "లేదు సార్, మాకు ఎప్పుడూ ఇవ్వలేదు" అన్నాను. ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు.

నాకు ఆ క్షణాన నువ్వే గుర్తొచ్చావమ్మా. ఒకటో తరగతిలో పలక ఏదని మాస్టారు అడిగితే, ఇంట్లో మర్చిపోయానని చెప్పాను. వరండా ఊడుస్తున్న నువ్వు చీపురుతోనే తరగతిలోకి వచ్చి, "లేదు సారూ, కొనలేదు" అని అందరి ముందూ చెప్పావు. నాకు తల కొట్టేసినట్టయింది. "లేనిది ఉందని చెబితే ఇచ్చేవాడెవడే?" అన్నావు. మర్నాడు మాస్టారు పలక ఇచ్చాడు. ఆ పలక మీద దిద్దిన అక్షరాలే ఇవి.

నీ పెద్దది


అమ్మా,

నా ఉత్తరం నాలుగిళ్ళల్లో చదివించుకున్నావని చెల్లి రాసింది. ఇది ఎవరికీ చదివించకు.

మా బడి మూసేశారు.

లేదని చెబితే ఇస్తారనుకున్నాను. లేదు కాబట్టే తీసేశారు. సౌకర్యాలు లేని బళ్ళని సౌకర్యాలున్న బడిలో కలపాలని పథకంలో ఉందట. కప్పు కారుతోందని నేనే చెప్పాను కదా, అదీ రాశారు. మరుగుదొడ్డికి తలుపు లేదన్నదీ రాశారు. నేను చెప్పిన ప్రతి ముక్కా పొల్లు పోకుండా రాసి, దాని కిందే మూసెయ్యమని రాశారు. మా పిల్లలు ఇక లారీల రోడ్డు దాటి పెద్ద బడికి వెళ్ళాలి.

ఆఫీసుకి వెళ్ళాను. ఆ ఆఫీసరు నన్ను కూర్చోమన్నాడు. కసురుకున్నా బాగుండేది. "అమ్మాయ్, నేను ప్రతి బళ్ళోనూ అవే చేపల్ని చూస్తాను. అదే టీవీ, అదే మూల అదే పగులు. నాకు తెలీదనుకున్నావా? గోడ మీద ఏదో ఒకటి ఉంటే, ఉందని రాసి మీ బడిని ఇంకో ఏడాది లాగేవాణ్ణి. ఖాళీ గోడ చూపించి నా చేత ఏం రాయించాలనుకున్నావు?" అన్నాడు.

"మరి ఇవ్వని టీవీ ఇచ్చినట్టు కాగితాల్లో ఎలా ఉంది సార్? దాన్నెవరు తిన్నారు?" అని అడిగాను.

ఆయన తలుపు వైపు చూశాడు. "నువ్వు బాగా చదువుకున్నావు" అన్నాడు. జాలిపడ్డాడో, తిట్టాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

పెద్దసారు నన్ను ఒక్క మాట అనలేదు. తన కుర్చీ మీది దిండు దులిపి సంచిలో పెట్టుకున్నాడు, సుద్దముక్కలు పిల్లలకి పంచాడు. "మీరు తప్పేం చెయ్యలేదమ్మా" అన్నాడు. అంతకుముందు నన్నెప్పుడూ మీరు అనలేదు.

పెద్ద బడికి మగపిల్లలు వస్తున్నారు. ఆడపిల్లల్లో చాలామంది రావడం లేదు. పిచ్చుక వాళ్ళింటికి వెళ్ళాను. చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను చూసి చేపల గురించి అడగలేదు. వాళ్ళమ్మ తలెత్తకుండా గిన్నెలు తోముతూ మాట్లాడింది.

"ఆ రోడ్డు మీద లారీలు ఆగుతాయా టీచరమ్మా? ఎవరు దాటిస్తారు దీన్ని? నేను పనిలోకి పోవాలి."

"నేను దాటిస్తాను" అన్నాను.

"రోజూనా? ఏడాదంతానా? అందరి పిల్లల్నీనా?" అంది. "నువ్వు మంచిదానివని అందరూ అంటున్నారులే. టీవీ తిప్పి పంపావట కదా. ఆ మంచితనం నీ దగ్గరే ఉంది, నీ ఉద్యోగమూ నీకే ఉంది. నా పిల్లకే బడి లేదు."

అమ్మా, నేను బళ్ళో చేరిన రోజు నువ్వూ ఇలాగే గిన్నెలు తోముతున్నావు. మన గుమ్మం నుంచి చూస్తే బడి కనపడేది. అందుకే పంపావు. మన బడి కూడా ఒక రోడ్డు అవతల ఉండి ఉంటే, నువ్వు ఎంత నిజం చెప్పినా నాకు పలక వచ్చేది కాదు.

నీ పెద్దది


అమ్మా,

"నువ్వు చేసిందే సరి, అబద్ధంతో నిలబెట్టిన బడి బడే కాదు" అని చెల్లి చేత రాయించావు. చాలాసార్లు చదువుకున్నాను. నువ్వు అలాగే అంటావని నాకు తెలుసు.

నేను పెద్ద బళ్ళో కుదురుకున్నాను. ఇక్కడి హెడ్మాస్టరు ఒక మేడం, మంచిది. ఒక్కో బెంచీకి పిల్లలు ఒకరి మీద ఒకరు కూర్చుంటున్నారు, అయినా పాఠం నడుస్తోంది. రోజూ పొద్దున రోడ్డు దగ్గర నిలబడి కొంతమందిని దాటిస్తున్నాను. పిచ్చుక ఇంకా రాలేదు.

నీకో మంచి కబురు. మీ బడికి కూడా గోడ టీవీ వస్తోంది. తనిఖీకి ముందే ఆఫీసు వాళ్ళు పంపుతున్నారట. కొన్నాళ్ళే ఉంచి, సరిచెయ్యడానికి మళ్ళీ తీసుకెళ్తారట. ఊడ్చేటప్పుడు దాని మీద దుమ్ము పడనివ్వకు. ఆఫీసు వాళ్ళు పంపే టీవీలన్నిట్లోనూ ఆ చేపలే వస్తాయట, చూడు. నడుం జాగ్రత్త.

నీ పెద్దది


చెల్లీ,

అమ్మకి పై సంతకం వరకే చదువు. మిగతాది నీకే. వదలకుండా చదవమని నీకు చెప్పింది నేనే. ఈ ఒక్కసారికి వదిలెయ్.

ఈ తనిఖీలో మన ఊరి బడినీ కలిపారు. మన బళ్ళో టీవీ లేదని మీ హెడ్మాస్టరు ఫోన్ చేసి మేడం దగ్గర ఏడ్చినంత పని చేశాడు. ఇంకో బడి మూస్తే ఆ పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టాలని మేడం తల పట్టుకుంది. నేనే అన్నాను, పంపుదామని. నా చేతులతోనే మేకుల మీంచి దించాను. ఆ రోజు నేను తిప్పి పంపిన ఆటో అతనే వచ్చాడు. ఒక పక్క పట్టుకున్నాడు, రెండో పక్క నేను పట్టుకున్నాను. దారిలో మిగతా బళ్ళ తనిఖీలు అయ్యాకే అది మన ఊరు చేరుతుంది, ఈలోగా నీకీ ఉత్తరం అందుతుంది.

మన బడి పోతే నువ్వు చదవడానికి ఎక్కడికెళ్తావో ఆలోచించు. అమ్మ ఏ వరండా ఊడుస్తుందో ఆలోచించు. నేను ఆలోచించీ ఆలోచించీ ఈ పని చేశాను. సరైన పనని అనడం లేదు.

అమ్మకి తెలిస్తే చీపురుతోనే తరగతిలోకి వచ్చి, ఆఫీసరు ముందు నిలబడి, "లేదు సారూ, ఇది మాది కాదు" అంటుంది. అనకుండా ఆగదు. అందుకే తనిఖీ రోజు అమ్మకి నడుం నొప్పి ఎక్కువగా ఉందని చెప్పి ఇంట్లోనే పడుకోబెట్టు. "మీ టీవీయేనా?" అని ఎవరైనా నిన్ను అడిగితే మాదే అను. తల దించుకోకుండా అను.

ఇంకొక్క సంగతి. అల్లుడుగారి పాత దుప్పటి చిరిగిపోయింది. దారిలో అద్దం పగలకూడదని నా మంచం మీది బొంతలోనే చుట్టాను. నేను ఉద్యోగానికి వస్తున్నప్పుడు అమ్మ తన పాత చీరలన్నీ కలిపి కుట్టిన బొంత అది. ఎంత దూరంనుంచి చూసినా గుర్తుపడుతుంది. ఆటో రాగానే నువ్వే ముందు వెళ్ళి విప్పి, అమ్మ కంట పడకుండా దాచెయ్.

మీ అక్క