కారుకి తాడు కట్టొద్దు

ఏవండీ, కారు మళ్ళీ మొరాయించి గేటు దగ్గరే ఆగిపోయింది. నేను బస్సుకి పరిగెడుతున్నాను. గ్యారేజీ నుంచి లారీ వస్తుంది. కారుని పూర్తిగా లారీ మీదకి ఎక్కించమనండి. మనదానికి ఇంజను నాలుగు చక్రాలనీ తిప్పుతుంది కదా, ముందు రెండూ ఎత్తి వెనక రెండిటి మీద ఈడ్చుకెళ్తే లోపల గేర్లన్నీ పాడైపోతాయట. ఒక్క చక్రం కూడా నేలకి ఆనకూడదు. మీకు ఎవరినీ కాదనడం చేతకాదు, అందుకే ఇదే మాట రాసి కారు అద్దానికీ అంటించాను.

ఈలోపు మా తమ్ముడు ఊడిపడతాడు. "లారీ దండగ బావా, నా వ్యానుకి కట్టి లాగేద్దాం" అంటాడు. అస్సలు ఒప్పుకోకండి. పోయినసారి మీరిద్దరూ పక్కింటాయన కారు లాగబోతే తాడు వాళ్ళ గేటుకి చుట్టుకుంది. కారు కదల్లేదు, గేటు మాత్రం ఊడొచ్చింది. ఆయన లబోదిబోమంటుంటే మీరు పగలబడి నవ్వారు. సరే, నేనూ నవ్వాననుకోండి, కానీ లోపలికెళ్ళి నవ్వాను.

ఫ్లాస్కులో ఇద్దరికీ టీ ఉంది.

అన్నట్టు, తాడు కోసం షెడ్డంతా వెతక్కండి. అది నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. దాంతో నా క్యారేజీకి చోటు లేక బల్ల మీదే వదిలేశాను. కారు లారీ ఎక్కాక ఆఫీసుకి తెచ్చిపెట్టండి, కలిసి తిందాం.