మేజరమ్మ డ్యూటీ దిగలేదు

పైన్ ఫోర్క్, జార్జియా
అక్టోబరు 4, 1981

ప్రియమైన లవీనియా నర్సమ్మకు,

నిజం చెప్పాలంటే ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. రాస్తే మీరు నవ్వుతారు, రాయకపోతే నాకు అన్నం సయించదు. మీరు నవ్వడమే నయమనిపించింది.

మేజరమ్మ సమాధికి రాయి నిలబెట్టే రోజున నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. మాట్లాడతాను. యుద్ధకాలంలో ఇక్కడున్న సైనిక క్యాంపు ఆసుపత్రికి నల్లజాతి నుంచి వచ్చిన తొలి పెద్దనర్సు మన మేజర్ హెస్టర్ మాబ్లీ అని అందరూ చెబుతారు. నేను మాత్రం ఆ జర్మన్ యుద్ధఖైదీ సంగతి చెబుతాను. జ్వరంతో కాలిపోతూ కూడా నల్లచెయ్యి తన మీద పడకూడదన్నాడు చూడండి, వాడు. "అలాగే నాయనా, తెల్లచెయ్యి వచ్చేదాకా కాస్త ఆగమని నీ జ్వరానికి చెప్పు" అని ఆమె కుర్చీ వేసుకు కూర్చుంది. సాయంత్రానికి వాడే చెయ్యి చాపాడు. ఆ ఖైదీలనే ఊళ్ళో హోటలుకు తీసుకెళితే వాళ్ళకు బల్లల దగ్గర భోజనం, యూనిఫారంలో ఉన్నా నల్లజాతిదని ఆమెకు వంటింటి గుమ్మం. ఆమె గుమ్మానికీ వెళ్ళలేదు, భోజనమూ చెయ్యలేదు. వాళ్ళు తినేదాకా వీధిలో నిలబడి, తిరిగి తీసుకొచ్చి మందులిచ్చింది.

దారి తప్పాను. ఒంటికాలివాడిని, దారి తప్పితే మళ్ళీ రావడానికి కొంచెం సేపు పడుతుంది.

మన వార్డు ఇప్పుడు వేరుశనగ గోదాము, నేను చెప్పులు కుట్టే దుకాణం దాని పంచలోనే అని మీకు తెలుసు. వసంతంలో ఆమెను పూడ్చిపెట్టాం. ఆ వారం నుంచి సాయంత్రం షిఫ్టు మారే వేళకు గోదాములో అడుగులు వినిపిస్తున్నాయి. రబ్బరు అడుగున్న బూట్లు, ఎడమ మడమ కొంచెం ఈడుస్తూ. ఆ మడమ ఎన్నిసార్లు మార్చానో నాకు తెలియదా?

ఎలుకలంటారా? మడమ ఈడ్చే ఎలుకను నేనింకా చూడలేదు.

మీ విధేయుడైన రోగి,
ఓజెల్ ప్రూయిట్

*

షికాగో
అక్టోబరు 11

ప్రియమైన ఓజెల్,

నవ్వాను. తర్వాత కోపమొచ్చింది. అరవై దాటాక పొద్దుగూకే వేళ ఆ నాటుసారా తాగవద్దని చెప్పానా లేదా? ఆమె పోయింది. ఆఖరి రోజున వచ్చి ఆమె చేతిని నేనే పట్టుకుని చూశాను. నలభై ఏళ్ళు నర్సుగా పనిచేసిన దానికి చావు తెలియదనుకోకు.

నన్ను ఏడిపించడానికే అయితే మాత్రం గెలిచావు. నా మొదటి డ్యూటీ గుర్తొచ్చింది. ఆమె మంచం మంచానికీ నన్ను తిప్పి, ఎవరికి ఏం నొప్పో చెప్పి, చివర "నా మంచాలు నీవి" అంది. నేను తలూపాను. "తల కాదు, నోరు" అంది. "మీ మంచాలు నావి" అని గట్టిగా అనేదాకా ఆమె తలుపు దాటలేదు. రాత్రంతా నిలబడి కాళ్ళు వాచినా సరే, అందుకునే నర్సు ఆ మాట అనకుండా మన వార్డులో ఎవరూ డ్యూటీ దిగింది లేదు.

పాలు తాగి పడుకో.

నీ,
లవీనియా గెయిన్స్

*

పైన్ ఫోర్క్
అక్టోబరు 17

ప్రియమైన నర్సమ్మకు,

తాగుడు మానేసి మూడు రోజులైంది. అడుగులు మానలేదు.

మీ ఉత్తరం చదివాకే నాకు తట్టింది. యుద్ధం అయ్యాక మిమ్మల్నందర్నీ ఒక్కొక్కరినే పంపేశారు. వార్డు మూసిన రోజున ఆమె ఒక్కతే మిగిలింది. ఎవరికి అప్పగించింది? ఆ తర్వాత ఈ ఊళ్ళోనే ఉండిపోయి పల్లెల్లో పురుళ్ళు పోసింది. "మిమ్మల్ని వంటింటి గుమ్మానికి పంపిన ఊరు, ఏముందని ఉన్నారమ్మా?" అని అడిగితే "అందుకోవడానికి ఎవరూ రాలేదుగా" అనేది. వేళాకోళం అనుకున్నాను.

మొన్న నేనే గోదాములోకి వెళ్ళి "నాకు అప్పగించండమ్మా" అన్నాను. అడుగులు ఆగాయి. మళ్ళీ నడిచాయి. బతికున్నప్పుడు నా మాట విన్నది ఎప్పుడని!

నేను రోగిని. నాకా హక్కు లేదు. ఆమె కింద పనిచేసినవాళ్ళలో మిగిలింది మీరొక్కరే. రాయి ఎంత పెద్దది పెడితే ఏం, మనిషి నిలబడే ఉంటే? ఆమె చాలా అలిసిపోయింది నర్సమ్మా. ఆ నడకలో తెలుస్తోంది.

రండి.

ఓజెల్

*

షికాగో
నవంబరు 9

ప్రియమైన ఓజెల్,

రాయి బాగుంది. నువ్వూ బాగా మాట్లాడావు, సగం అబద్ధాలైనా. ఆ సాయంత్రం నిన్ను బయట ఉండమని నేను ఒక్కదాన్నే గోదాములోకి వెళ్ళి, వచ్చాక నోరు విప్పకుండా బస్సెక్కినందుకు అలిగి ఉంటావు. చెప్పడానికి ధైర్యం చాల్లేదు. ఇప్పుడు రాస్తున్నాను.

పాత టోపీ పెట్టుకుని బస్తాల మధ్య నిలబడ్డాను. సిగ్గేసింది. "లెఫ్టినెంట్ గెయిన్స్, డ్యూటీకి వచ్చాను మేజర్" అన్నాను.

వచ్చింది, ఓజెల్. అవతలి చివర నుంచి మడమ ఈడుస్తూ నా పక్కకు వచ్చింది. కనపడలేదు. ఆసుపత్రి కార్బాలిక్ సబ్బు వాసన వేసింది. ఇద్దరం నడిచాం. మంచాలుండే చోట్ల ఎక్కడైనా ఆగుతుందేమో, ఎవరైనా చనిపోయిన కుర్రాడి దగ్గర నిలబడుతుందేమో అని ఎదురుచూశాను. ఎక్కడా ఆగలేదు. వాళ్ళందర్నీ ఎప్పుడో సాగనంపేసింది.

ఒక్కచోట ఆగింది. తూర్పు కిటికీ దగ్గర. గోడకవతల నువ్వు దగ్గుతున్నావు.

అప్పుడు గుర్తొచ్చింది అది ఎవరి మంచమో. నీ దుకాణం నీ మంచం ఉన్న గోడకే ఆనించి కట్టుకున్నావు, పిచ్చివాడా. అలబామాలో ఉన్న నీ చెల్లెలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసినా పోలేదు. ఆమె నీకోసం ఈ ఊళ్ళో ఉండిపోయింది, నువ్వు ఆమె కోసం ఉన్నాననుకున్నావు. ఇద్దరిలో ముందు కదిలినవాళ్ళు లేరు.

ఆమె కదలలేదు. నేనే చెప్పాను: "ఓజెల్ ప్రూయిట్. కుడికాలు మోకాలి కింద లేదు. గాయం మానింది. నోరు ఆరోగ్యంగా ఉంది. ఇంటికి పంపవచ్చు."  తర్వాత గట్టిగా, నోటితోనే అన్నాను, "మీ మంచాలు నావి."

అడుగులు తలుపుదాకా వెళ్ళాయి. ఈసారి మడమ ఈడ్వలేదు.

కాబట్టి ఇప్పుడు నువ్వు నా రోగివి. నా మాట విను.

లవీనియా

*

పైన్ ఫోర్క్
నవంబరు 20

ప్రియమైన నర్సమ్మకు,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు జవాబు చెప్పాలని చాలా వేళాకోళాలు అనుకున్నాను. ఒక్కటీ పనికి రాలేదు.

రోజూ ఆ వేళకు దీపం వెలిగించకుండా కూర్చుంటున్నాను. ఏమీ వినపడదు. గోదాము గోదాములాగే ఉంటుంది. ఆమెకు విశ్రాంతి దొరకాలని అడిగినవాడిని నేనే, దొరికింది. ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని మాత్రం అనుకోలేదు. అడుగులు వినిపించినన్నాళ్ళూ భయపడుతున్నాననుకున్నాను. భయం కాదది.

చెల్లెలికి రాశాను, వస్తున్నానని. ఏం తెమ్మంటావని అడిగితే నువ్వు వస్తే చాలు, నీ కబుర్లు అక్కడే వదిలేసి రా అంది.

మీ రోగి,
ఓజెల్ ప్రూయిట్

తా.క. నిన్న మధ్యాహ్నం చెప్పులు కుట్టే మిషను అమ్మేశాను. కొన్నవాడు బండి తెచ్చుకున్నాడు. ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. అతను వెళ్ళాక నేల ఊడ్చాను.