పెట్టెల సామ్యేలు చేసిన స్పీకర్లు

కోహీర్, బుధవారం

యాకోబుకు శరణప్ప ఆశీస్సులు.

మంగళవారం ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో, జహీరాబాద్‌లో నువ్వు కిరాయికి ఉంటున్న మా ఇంట్లోకి పెట్టెల సామ్యేలు మనిషి పొడవున్న పెట్టెలు రెండు దించాడు. చూసినవాళ్లు ఇద్దరు. ఒకరు ఎదురింటి నారమ్మ. రెండోవాడు మా ఊరి నుంచి అల్లం బస్తాలు తోలే ఆటో పాండు. ఇద్దరి మాటా ఒకటే. పోలీస్ స్టేషన్‌లో రైటర్‌గా ముప్పై ఏళ్లు పంచనామాలు రాసినవాణ్ని. ఒక్క సాక్షి మాట మీద నేను కలం ముట్టుకోను.

సామ్యేలు దుకాణం సమాధుల తోట గోడను ఆనుకుని ఉంది. అక్కడ ఏం తయారవుతాయో ఊరందరికీ తెలుసు. ఆ పేరు నేను రాయను. మనుషులు బతికున్న ఇంటికి పంపే ఉత్తరంలో ఆ మాట రాయకూడదని మా అమ్మ చెప్పేది. అందుకే ఈ కాగితానికి నాలుగు మూలలా పసుపు కూడా పెట్టించాను.

పోయిన నెల నువ్వు హైదరాబాద్ దవాఖానకు వెళ్లొచ్చావని తెలుసు. డాక్టరు ఏమందో తెలియదు. నారమ్మ పాండుతో అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఒకటైతే ఆయనకనుకుంట. రెండెందుకురా? నాగరాణికేమైంది? పొద్దుగాల నాతోని నల్లా కాడ కొట్లాడింది, మంచిగనే ఉండె గద!"

ఫోన్ చేస్తే నీకు సరిగా వినపడదు. ఇది ఫోన్‌లో అడిగే సంగతి కూడా కాదు. జవాబు పాండు చేతికి ఇయ్యి.

ఇట్లు,
శరణప్ప

తా.క. నీ భార్య ఆ పెట్టెల లోపల గొంగడి పరిచి మేకులు కొడుతోందట. గొంగడి గుచ్చుకుంటుంది. మెత్తటి బొంత పంపనా అని మా ఆవిడ బస్వమ్మ అడుగుతోంది.


జహీరాబాద్, గురువారం

శరణప్ప సారుకు ప్రభువు పేరిట వందనాలు.

మీ ఉత్తరం అందింది. మీ దాకా రాకుండా పని కానిద్దామనుకున్నాం. నారమ్మ కిటికీ ఉండగా అది కుదరదని నాగరాణి ముందే అంది. మీరు పేరు రాయలేదు కాబట్టి నేనూ రాయను. ఇంట్లో చప్పుడు కూడదన్న తొమ్మిదో షరతు నాకు గుర్తుంది. ఈ కాగితం రేపు నాకే ఎదురు తిరగకూడదు.

నా సంగతి మీకు తెలిసిందే. పాతికేళ్లు బోరు బండి మీద పనిచేశాను. డాక్టరమ్మ చూసి, "పోయింది ఇంక రాదు. మిగిలింది గూడ మెల్లమెల్లగ పోతది. ఏం ఆశ ఉన్నా ఇప్పుడే తీర్చుకో" అంది. నాకున్న ఆశ ఒక్కటే. దానికి రెండూ కావాలి. నాగరాణి మొదట "నాకెందుకు, ఒకటి చాలదా?" అంది. రెండోది నీ కోసమే అని చెప్పి ఒప్పించాను.

హైదరాబాద్ షోరూంలో తయారైనవి చూశాం. నల్లగా నిగనిగలాడుతున్నాయి. ధర చెప్పగానే నాగరాణి మంచినీళ్లు అడిగింది. మా తాహతుకు సామ్యేలే దిక్కు. అతను అతుకు వేస్తే చీమ కూడా దూరదు. కానీ ఆయనకూ జంకే: "నాతోని చేయించుకున్నోళ్లు ఒక్కలు గూడ మళ్లొచ్చి మంచిగుందని చెప్పలే. నువ్వన్న చెప్పాలె." తప్పకుండా వచ్చి చెబుతానని మాటిచ్చాను.

మమ్మల్ని ఖాళీ చేయమనకండి సార్. ఈ ఒక్క ఆదివారం గడవనివ్వండి.

మీ
యాకోబు

తా.క. అమ్మకు చెప్పండి, బొంత వద్దు. లోపలికి గొంగడే మేలని తెలిసినవాళ్లు చెప్పారు.


కోహీర్, శుక్రవారం

యాకోబుకు ఆశీస్సులు.

ఆదివారం అన్న మాట దగ్గర కాసేపు చదవడం ఆపాను. రోజు కూడా డాక్టరే చెప్పిందా? అంత కచ్చితంగా చెప్పే డాక్టరు నా సర్వీసులో తగల్లేదు.

ఖాళీ చేయమనడానికి నేను మనిషిని కానా? అగ్రిమెంటు తీసి తొమ్మిదో షరతు చూశాను. ఆ రోజు ఇంట్లో చప్పుడవుతుంది. ఎవరింట్లో కాదు? అందుచేత ఆదివారానికి ఆ షరతు రద్దు. ఎంత గట్టిగానైనా, ఎంతసేపైనా, ఎంతమంది వచ్చినా నాకు అభ్యంతరం లేదు. కింద సంతకం పెట్టాను.

నాగరాణి విషయం మాత్రం ఒప్పుకోను. ఆమెకు ఏ డాక్టరూ ఏమీ చెప్పలేదు. ఆమెది ఇప్పటి నుంచీ మూలన పెడితే చెదలు పడుతుంది. ఆ రెండోది సామ్యేలుకు వాపసు ఇచ్చెయ్యి.

మా లింగాయతుల్లో కూర్చోబెడతారు కాబట్టి ఇంత చెక్క అవసరం రాదు. మీ పద్ధతి మీది. తప్పు పట్టడం లేదు.

ఇట్లు,
శరణప్ప

తా.క. ఒక్కో పెట్టెకు పైభాగంలో గుండ్రటి రంధ్రం ఒకటి, పాదాల వైపు ఇంకొకటి ఉన్నాయట. పైది ముఖం చూసుకోవడానికి అనుకుందాం. కిందది దేనికి? బస్వమ్మ అన్నం తింటూ కూడా ఇదే అడుగుతోంది.


జహీరాబాద్, శనివారం

శరణప్ప సారుకు వేల వందనాలు.

మీ ఉత్తరం నాగరాణికి చదివి వినిపించాను. కళ్లు తుడుచుకుంది. ఎంత గట్టిగానైనా అని ఏ ఇంటి ఓనరు రాసిస్తాడు సార్? నిజానికి గట్టిగా అక్కర్లేదు. శుభ్రంగా జరిగితే చాలు.

రెండోది వాపసు ఇవ్వలేను, మన్నించండి. ఒక్కటే పెడితే అందరూ ఒకే చోట కుప్ప పోసినట్టుంటారు. రెండూ ఉంటేనే ఎవరి చోటు వాళ్లది. నాగరాణి నాకు ఎడమ పక్కన ఉండాలి. ఇంతకాలం ఉండలేదు. ఇప్పుడైనా ఉండాలి.

కింది రంధ్రం గాలి కోసం. అది లేకపోతే లోపల ఊపిరాడదు.

రేపు చర్చి అయిపోయాక, పన్నెండుకు మొదలుపెడదామనుకుంటున్నాం. మీరూ అమ్మా దగ్గరుండాలి.

కూర్చోబెడతారని రాశారు చూడండి, అదే సరైన పద్ధతి! నేనూ కూర్చున్న కొలతే ఇచ్చాను. మీకు ఇష్టమైతే సామ్యేలు ఇంకో జత చేస్తానంటున్నాడు. చెక్క మిగిలింది, తగ్గించి ఇస్తాడు. మీరూ అమ్మా కుర్చీలో కూర్చుని, నేల నుంచి చెవి దాకా ఎంతుందో కొలిచి పంపండి.

మీ
యాకోబు

తా.క. వాయిదా వేయకండి సార్. మీ వయసులో రోజురోజుకూ తగ్గిపోతుంది.


కోహీర్, శనివారం సాయంత్రం

యాకోబుకు.

నా ఆరోగ్యం బాగుంది. బస్వమ్మ ఆరోగ్యం బాగుంది. కొలతలు పంపడం లేదు.

రేపు పన్నెండుకు ఇద్దరం వస్తున్నాం. నారమ్మ వీధిలో అందరికీ చెప్పింది. టెంటు మాట్లాడింది. వంట కూడా ఆమే చూసుకుంటానంది. నువ్వు ఏ పనీ పెట్టుకోకు, పడుకో.

ఇట్లు,
శరణప్ప

తా.క. దండలు రెండు చెప్పాం. ఒకటి మిగలాలని బస్వమ్మ మొక్కుకుంది.


జహీరాబాద్, సోమవారం

శరణప్ప సారుకు వందనాలు.

నిన్న నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని తలుపు తీసేసరికి వాకిట్లో టెంటు, టెంటు కింద వీధి మొత్తం, గుమ్మంలో దండలతో మీరు. అమ్మ నాగరాణిని పట్టుకుని ఏడుస్తోంది. నన్ను చూసి నారమ్మ అన్న మాట నా చెవులకు కూడా స్పష్టంగా వినిపించింది: "అయ్యో, ఇంక నడుస్తనే ఉన్నడు!"

మీరంతా వెళ్లాక మన ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్లీ చదివాను. నాగరాణి నవ్వలేక గోడ పట్టుకుంది. "నీకు చెవులు పోయినయనుకున్న. కండ్లు గూడ పోయినయి. సారు ఏం రాసిండో జర చూడవా?" అంది.

నిన్నటి గోలలో సరిగా చెప్పలేనిది ఇప్పుడు చెబుతాను. పోతున్నవి నా చెవులు. కంప్రెషర్ పక్కన నిలబడీ నిలబడీ పోయాయి. నేను బోరు బండితో బీదర్, లాతూర్ తిరుగుతున్న పాతికేళ్లూ నాగరాణి చర్చి కోయిర్‌లో పాడింది. ఒక్క క్రిస్మస్‌కూ నేను ఊళ్లో లేను. మొన్నటి క్రిస్మస్‌కు సంగారెడ్డి నుంచి వచ్చిన పిల్లలు మంచి మైకులు పెట్టి రికార్డు చేశారు. ఫోన్‌లో వింటే ముప్పై గొంతులూ మూట కట్టినట్టు ఒకటే మోత. అందులో ఆమెది ఏదో తెలియలేదు. చెవులు పూర్తిగా పోకముందే ఆ గొంతును విడిగా వినాలనుకున్నాను.

అందుకే రెండు. ఆంప్లిఫయర్ పాత బజారులో దొరికింది. లోపలి స్పీకర్లు తుక్కు దుకాణంలో ఒక పాత కారు తలుపుల్లోంచి ఊడదీసినవి. గొంగడి మా నాన్నది. నేనిచ్చిన కొలత నాలుగడుగులు. సామ్యేలు చెయ్యి అలవాటు కొద్దీ అయిదున్నర కోసింది. అడుగున, కింది రంధ్రానికి దిగువగా అడ్డుపలక కొట్టి ఇసుక నింపాం. దానితో ఇంకా నిలకడగా మోగుతోంది.

నిన్న వినిపించింది సార్. వెనక వరుస, ఎడమ చివర.

ఒక్కటే భయం. ఆదివారం అయిపోయింది. తొమ్మిదో షరతు మళ్లీ మొదలైనట్టేనా? సాయంత్రం ఒక్క పాట పెట్టుకోవచ్చా, వేరే ఇల్లు చూసుకోవాలా? మీ జవాబు వచ్చేదాకా ప్లగ్గు తీసి ఉంచాను.

మీ
యాకోబు

తా.క. "తెచ్చిన దండలు వాపసు తీస్కపోవద్దు" అని నారమ్మ రెండింటినీ స్పీకర్లకు వేసి వెళ్లింది. పొద్దున పాలాయన చూసి చెప్పులు విడిచి దండం పెట్టాడు.


కోహీర్, మంగళవారం

యాకోబుకు, నాగరాణికి శరణప్ప ఆశీస్సులు.

ముందు నీ భయం సంగతి. షరతులో చప్పుడు అని ఉంది. నీకంటే ముందున్నవాడు పెళ్లి డీజే డబ్బాలు ఇంట్లో మోగించి పైకప్పు పెచ్చులు రాల్చాడు. అందుకు రాయించాను. ఆదివారం నేను విన్నది చప్పుడు కాదు. షరతు కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, ఆ కాగితం దీనితో పంపుతున్నాను. ప్లగ్గు పెట్టుకో.

నా సాక్ష్యం కూడా రాసి ఉంచుకో. నువ్వు వేసిన కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్నాను. రెండో చరణంలో నా తల దానంతట అదే ఎడమవైపు తిరిగింది. నాగరాణి ఆ పక్క నిలబడి పాడిందని అప్పటికి నాకు ఎవరూ చెప్పలేదు.

సాక్షులు చెప్పిందంతా నిజమై, నేను రాసిందంతా తప్పు కావడం నా జీవితంలో ఇదే మొదటిసారి అనుకుంటున్నాను. పాత కేసులు తీసి చూడదలుచుకోలేదు.

ఇక అసలు విషయం. ఇంటికి వస్తూ వస్తూ సామ్యేలుకు ఒక జత చెప్పి వచ్చాను. అతను నిన్న కోహీర్ వచ్చాడు. మా ఇంటి ముందు అరుగు మీద నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నేల నుంచి చెవి దాకా టేపు పెట్టాడు. తర్వాత బస్వమ్మను కూర్చోబెట్టాడు. వీధి వీధంతా చూసింది. మా లింగాయతులను కూర్చోబెట్టే పూడుస్తారని ఇక్కడ అందరికీ తెలుసు. సామ్యేలు ఏం చేస్తాడో కూడా తెలుసు.

చీకటి పడకముందే కబురు బస్వమ్మ పుట్టిల్లు న్యాల్‌కల్ చేరింది. బస్వమ్మ తమ్ముళ్లు ఫోన్ చేశారు. "స్పీకర్లురా, పాటలకు!" అని ఈమె నవ్వుతూ చెప్పింది. అటువైపు ఏడుపు అందుకున్నారు: "అక్క మనకు ధైర్యం చెప్తున్నదిరా!" ఫోన్ నేను తీసుకుని, నా ఆరోగ్యం బాగుందని చెప్పాను. "బావ గొంతు గూడ మారింది" అన్నారు.

అందిన సమాచారం ప్రకారం వాళ్లు, మా వాళ్లలో ఆ కార్యం జరిపించే జంగమయ్యకు చెప్పారు. కూర్చోబెట్టి ఊరేగించడానికి ట్రాక్టరు కడిగారు. అరటి బోదెలు కొట్టి తెచ్చారు. గురువారం ఉదయం పది గంటలకు న్యాల్‌కల్ నుంచి బయలుదేరతారు. నా జత ఇంకా తయారు కాలేదు. కాబట్టి నీ జత తీసుకుని, నువ్వూ నాగరాణీ తొమ్మిదిన్నరకల్లా మా అరుగు మీద ఉండాలి. ట్రాక్టరు వీధి మలుపు తిరిగేసరికి పాట మోగుతూ ఉండాలి. నేను కుర్చీలో కూర్చుని వినడం వాళ్లకు దూరం నుంచే కనపడాలి.

ఇట్లు,
శరణప్ప

తా.క. పాండు ఆటో గురువారం ఎనిమిదింటికి మీ వాకిట్లో ఉంటుంది. దండలు తీసెయ్యండి. పెట్టెలు నిలబెట్టి తీసుకురండి. పడుకోబెట్టి తేవద్దు.