మా వైపు దీపాలు ఆర్పించవలసిందిగా

విద్యుత్ పంపిణీ మండల అధికారి గారి సముఖమునకు,
ఒకె-ఇరోకో కార్యాలయం, ఇబాదాన్.

అయ్యా,

విషయం: మిల్లుల వీధిలో ఎడమ వైపు ఇళ్లకు వస్తున్న కరెంటును రోజు విడిచి రోజు నిలిపివేసి, ఆ రోజుల్లో కుడి వైపు ఇళ్లకు ఇప్పించుట గురించి.

పై వీధిలో ఎడమ వైపు కాపురముండి, మిరపకాయలు, టమాటాలు, నానబెట్టిన బొబ్బర్లు రుబ్బే కరెంటు మిల్లు నడుపుకొంటున్న ఇబిరోంకె అజావొ అను నేను మిక్కిలి వినయముతో విన్నవించుకొనునది ఏమనగా, నా కరెంటు తీసేయమని నేనే అడుగుతున్నాను. తమ గుమాస్తా గారు ఇది చదివి, పాపం ముసల్ది కుడి ఎడమలు తప్పు రాసింది అనుకొని దిద్దగలరు. దిద్దవద్దని ప్రార్థన. నాకు మతి చలించలేదు.

1. గత వానాకాలములో జాతీయ గ్రిడ్ కూలిపోయి దేశమంతా చీకటైన సంగతి తమకు విదితమే. ఏ కూలడం అని తమరు అడుగవచ్చు. మా పెరటి గోడ కూలిన వారం కూలినది. తమ లైన్‌మన్ అడియో గారు చెప్పిన ప్రకారం, దేశానికంతా ఉన్నది ఒకటే మోకు, అది మా నాన్నల కాలం నాటిది. ఎక్కడో ఎడారి పక్కన ఒక పోగు తెగితే సముద్రపు ఒడ్డున వాడి బల్బు కూడా ఆరిపోతుందట. ఆ సారి కరెంటు తిరిగి వచ్చుటలో ఒక్క ఉదుటున వచ్చినందున, కుడి వైపు ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మని పేలి, నూనె కారి, బొగ్గైపోయినది. మా వైపుది ఊరికి నీళ్లు తోడే పంపుల లైనులో ఉన్నందున బతికినది. రెంటికీ నడుమ ఉన్నది ఒక్క రోడ్డు. ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం అయినది మా వీధి.

2. కుడి వైపు వారు పెట్టుకొన్న అర్జీలన్నిటికీ తమ కార్యాలయం "పరిశీలనలో ఉన్నది" అని జవాబిచ్చినది. వాటిలో ఒక జవాబు బొబ్బర్ల అకరా వడలు చుట్టిన కాగితంగా నా చేతికి వచ్చినది. అందుచేత చదవగలిగితిని.

3. కుడి వైపున, సరిగ్గా నా ఎదుట, సిదికాత్ మిల్లు ఉన్నది. మేమిద్దరం ఒకే ఏడు ఈ వీధికి కోడళ్లుగా వచ్చాం. సిదికాత్‌కు జ్వరం వచ్చిన నెలలో దాని కూతురు రషీదా నా పాలే తాగింది. మోటారు ఆగిపోగా సిదికాత్ పెట్రోలు ఇంజను పెట్టుకొన్నది. ఆ చప్పుడు, ఆ పొగ, ఆ పెట్రోలు ధర తమకు నేను చెప్పనక్కర లేదు. దాని బేరాలు గిన్నెలు నెత్తిన పెట్టుకొని రోడ్డు దాటి నా దగ్గరకు రాసాగాయి.

"ఇయా కోలా, ఆవిడ దగ్గర రుబ్బిస్తే కూర పెట్రోలు వాసనొస్తోందమ్మా. మా ఆయన అన్నం ముందు కూచుని చుట్ట వెలిగించడానికి భయపడుతున్నాడు," అన్నది ఒకావిడ. (మా పెద్దవాడు కోలా. ఇయా కోలా అంటే కోలా అమ్మ, నేనే.)

మొదటి రోజు "నాకు ఖాళీ లేదు, అక్కడికే వెళ్లండి" అని గట్టిగా అన్నాను. మర్నాడు కొంచెం మెల్లగా అన్నాను. ఆ తర్వాత "దించండి" అన్నాను. ఆ పైన రెండో మిల్లు కొన్నాను. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. అయ్యా, ఆ అడిగినది నేనే.

4. కిందటి నెలలో మా చర్చి వరండాలో రెండు వైపుల వారికీ సమావేశం జరిగినది. అడియో గారు తలగోక్కుంటూ, "రెండు వైపులా ఒకేసారి మోయలేదమ్మా, మీ ట్రాన్స్‌ఫార్మరు ముసలి గాడిద. రోజు మార్చి రోజైతే మోస్తుంది. ఆఫీసు ఊ అంటే తీగ మార్చడం నాకు క్షణంలో పని," అన్నారు.

సిదికాత్ లేచి, "మాకు సగం చాలు. మీ నోటి దగ్గర కూడు లాక్కోవడం లేదు. మర్నాడు మళ్లీ మీదే," అన్నది.

"ఇవాళ సగమిస్తే రేపు మొత్తం అడుగుతారు!" అని మా వైపు నుంచి కేక.

మా వైపు ఇంటి యజమానుల సంఘానికి పెద్ద బాబా లవానీ గారు, సరేనన్న వాళ్లు చెయ్యెత్తండి అన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. సిదికాత్ ఎవరినీ చూడలేదు, నన్నే చూసింది. నేను నా చెప్పు చూసుకొన్నాను. అయ్యా, ఆ క్షణంలో నా బుర్రలో ఏమున్నదో కూడా రాస్తున్నాను: ఇంట్లో రెండు తొట్ల బొబ్బర్లు నానుతున్నాయి, రేపు కరెంటు లేకపోతే పులిసిపోతాయి. అంతే. తేలు కుట్టిన దొంగలా కూచున్నాను.

బయటికి వచ్చాక దాని వెంటపడ్డాను. "సిదికా, వాళ్లెలాగూ ఒప్పుకోరని తెలుసే, నా ఒక్కదాని వల్ల ఏమవుతుందని..."

"నేను వాళ్లనడిగానా?" అన్నది. అప్పటి నుంచి మాట లేదు. నా పలకరింపుకు గోడైనా జవాబు చెప్తుందేమో గాని అది చెప్పదు.

5. పెట్రోలు పోయలేక సిదికాత్ ఇంజనూ మిల్లూ అమ్మేసి ఒగ్బోమోషోలో తమ్ముడి దగ్గరకు వెళ్లిపోతున్నట్టు రషీదా నాకు చెప్పి ఏడ్చినది. కొనేవాడు ఈ శనివారం బండి తెస్తాడట. మిల్లు పోయిన మనిషి తిరిగి రాదు అయ్యా.

కావున ప్రార్థించునది:

(అ) శనివారం లోపల మా వైపు కరెంటును రోజు మార్చి రోజు కుడి వైపునకు మరల్చవలెను.

(ఆ) ఇది కార్యాలయం వారి స్వంత ఉత్తరువుగా ప్రకటించవలెను. నా పేరు ఎక్కడా పొక్కనీయరాదు. మా వైపు వారికి తెలిస్తే నా మిల్లుకు కుక్క కూడా రాదు.

చెప్పుకోదగని సంగతులు సైతం చెప్పుకొంటిని. తమరు చిత్తగించి, ఒక రోజు నా ఇల్లు చీకటి చేసి నన్ను కటాక్షించవలెను.

తమ విధేయురాలు,
ఇబిరోంకె అజావొ

తా.క. అర్జీ మడత పెడుతుండగా గ్రిడ్ మళ్లీ కూలింది. నడి మధ్యాహ్నం. నా రెండు మిల్లులూ ఆగిపోయాయి. అకరా వాళ్ల బొబ్బర్లు తొట్లో ఉన్నాయి, ఎండ మండిపోతోంది. వీధి మొత్తంలో చప్పుడు చేస్తున్నది సిదికాత్ ఇంజను ఒక్కటే. గిన్నె నెత్తిన పెట్టుకొని నేనూ రోడ్డు దాటాను.

అది నన్ను చూసింది, గిన్నెను చూసింది. "దించు," అన్నది. గింజల్లో చెయ్యిపెట్టి కలిపి, "రాళ్లేరావా?" అన్నది.

"ఏరాను."

"అబద్ధాలకోరా! పెళ్లై వచ్చిన నాటి నుంచీ నీ బొబ్బర్లలో రాళ్లే. నా మిల్లు పళ్లూడగొట్టడానికి మోసుకొచ్చావా?"

అయ్యా, నెల రోజుల తర్వాత అది నన్ను తిట్టింది! నేను అక్కడే కూలబడి నవ్వాను, కళ్లొత్తుకొన్నాను. ఇద్దరం రాళ్లేరాం. దేశమంతా చీకటి. ఆసుపత్రుల్లో నర్సులు టార్చిలు పట్టుకొని నిలబడి ఉంటారు. ఏ తల్లి ఎక్కడ నొప్పులు పడుతున్నదో. నేను మాత్రం, దేవుడా, ఈ కరెంటు ఇప్పుడే రానీయకు, ఇంకాసేపు ఉండనీ అని మొక్కుకొన్నాను. ఇటువంటి మనిషికి తమ చట్టంలో ఏ శిక్ష ఉన్నదో నాకు తెలియదు, ఉంటే వేయండి.

అంతలో కరెంటు వచ్చింది. మా వైపు నుంచే కేరింతలు. సిదికాత్ చేతులు తుడుచుకొని, "పో. నీ కరెంటొచ్చింది. మిగతాది నీ దాంట్లో వేసుకో," అన్నది.

"దీంట్లోనే వెయ్యవే."

"శనివారం దాకా వేస్తాను. ఆ తర్వాతో?"

 గిన్నె అక్కడే వదిలి తిన్నగా బాబా లవానీ గారింటికి వెళ్లి, ఈ అర్జీ పెడుతున్నది నేనేనని చెప్పాను. "నీకేమైనా పిచ్చా? లైన్‌మన్ స్తంభం ఎక్కితే కాళ్లు విరగ్గొడతాం," అని ఆయన అరిచారు. వీధి వీధంతా విన్నది.

కనుక పైన (ఆ) కొట్టివేయవలెను. నా పేరు పెద్ద అక్షరాలతో వేసుకోండి. అడియో గారిని శుక్రవారం పొద్దున్నే పంపండి, భయపడవద్దని చెప్పండి. నిచ్చెన నేను పట్టుకొంటాను. రాళ్లు పడితే ముందు నా మీదే పడతాయి.