తుంటి ఆపరేషన్‌కు ముందు రత్నమాల రాసిన వీలునామా

రంగారెడ్డి జిల్లా చందానగర్ నివాసి, కీర్తిశేషులు బండారి మొగిలి పెద్ద కుమార్తె, అవివాహిత, ముప్పై నాలుగేళ్ల రత్నమాల అనే నేను, దవాఖాన మంచం మీద, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వహస్తంతో రాసుకున్న వీలునామా ఇది. విరిగింది నా తుంటి. తెలివి సరిగానే ఉంది.

పోయిన సోమవారం మాదాపూర్‌లో ఆఫీసు ముందు బస్సు దిగుతూ కాలు మోపాను. అంతే, ఎముక విరిగింది. ఇన్నేళ్లు తిండి మానుకుంటూ, తిన్నది కక్కుకుంటూ వచ్చినందువల్ల ఎముకలు గుల్లబారాయని, గుండె కూడా బలహీనపడిందని డాక్టరమ్మ చెప్పారు. అమెరికా డాక్టర్ల మాటలు విని టైపు చేయడం నా ఉద్యోగం. ఎందరో ముసలివాళ్ల కాగితాల్లో ఈ ఎముకల జబ్బు పేరు టైపు కొట్టాను. నాకే వచ్చిందంటే ఏమీ అనిపించలేదు. రేపు ఆపరేషన్. నేను లేవకపోతే ఈ కింది విధంగా జరగాలి.

1. నా ప్రావిడెంట్ ఫండు, బంగారు గాజులు అమ్మ కనకలక్ష్మికి సర్వహక్కులతో చెందాలి. నెలసరి ఆగిపోయినప్పుడు ఆమె నన్ను తాయెత్తుల కోసం తిప్పింది. ఆమెకు తెలిసింది అదే. ఎవరూ తప్పుపట్టరాదు.

2. మేనమామ లింగమూర్తికి ఏమీ లేదు. నేను పెద్దమనిషినైన ఫంక్షన్‌లో "దీన్ని లేపాలంటె నలుగురు గావాలె" అని అందరినీ నవ్వించాడు. ఆ పూటే అన్నం వదిలాను. నా పాడె మోసే నలుగురిలో ఆయన ఉండరాదు.

3. నా స్టీలు టిఫిన్ డబ్బా, గొడుగు తోటి టైపిస్టు రజితకు. పక్కన కూర్చుని తన అన్నం తను తినేది. నా డబ్బా తెరిచానా లేదా అని చూసేది కాదు. ఆ కాసేపు నా మనసు నెమ్మదిగా ఉండేది.

4. చెల్లెలు స్వప్న భర్త మధుకర్ ఈ వీలునామాను అమలుపరచాలి. అస్థికలు ఏరడానికి కూడా ఆయనే పోవాలి. అమ్మను రానీయవద్దు. ఏరడానికి పెద్దగా ఏమీ మిగలదు.

5. నా ఎక్స్‌రే ఫిల్ములు స్వప్న కూతురు హర్షిణికి. నిన్న మంచం దగ్గరికి వచ్చి చెయ్యి చూపిస్తూ, "పెద్దమ్మా, నేను గూడ నీ లెక్కనే సన్నగైతున్న. అన్నం జూస్తెనే వద్దనిపిస్తుంది" అన్నది. సంతోషంగా అన్నది. స్వప్నా, దాన్ని తిట్టవద్దు, బతిమాలవద్దు. ఫిల్ములు వెలుతురుకు పట్టి చూపించి, డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపో. పై నిబంధనలన్నీ నా మరణానంతరం అమల్లోకి వస్తాయి. ఇది మాత్రం ఈ రోజే. నేను బతికినా ఇది రద్దు కాదు.

తేదీ: 18 ఆగస్టు 1999
సంతకం: బండారి రత్నమాల

సాక్షులు:
వీరలక్ష్మి, వార్డు నర్సు
అజయ్, పక్కింటి వారు, చందానగర్