పాలు పొంగించిన వీడియో

శుక్రవారం, మైదుకూరు

తమ్ముడు నా కంప్యూటర్‌లో ఎక్కించి ఇచ్చిన లినక్స్‌లో వీడియోలు ఆడేవి కావు. "దీనికి ప్లగిన్ దొరకదులే అక్కా" అనేవాడు. ఈ సాయంత్రం పక్కింటి షమీమ్ కూర్చుని, వీడియోలు ఆడించే ఆ ప్లగిన్ వెతికి వేసేసింది.

"అయిపాయె పెద్దమ్మా! మీ తమ్ముడు ఎతకనే లేదు" అని నవ్వింది.

మొదట కర్నూలులో తమ్ముడి గృహప్రవేశం వీడియో చూశాను, మరదలు ఇంటర్నెట్‌లో పెట్టింది. జ్వరంతో నేను పోలేకపోయాను. "ఇంటి ఆడబిడ్డవు, పాలు నువ్వొచ్చినాకనే పొంగిస్తాం" అన్నాడు ఆ రోజు ఫోనులో. వీడియోలో మరదలి చెల్లెలు పొంగిస్తోంది. వాడు పక్కనే నవ్వుతున్నాడు.

"మీరు యాడుండారు పెద్దమ్మా ఇందులో?" అంది షమీమ్.

ఆదివారం వచ్చి పాలు పొంగిస్తానని వాడికి మాటిచ్చాను. పాలకని కొన్న ఇత్తడి గిన్నె దేవుని ముందే ఉంది. స్వామీ, వాడాడిన అబద్ధానికి నన్నూ పొయ్యి వెలిగించమంటావా...