చివరి నాజిల్

ప్రియమైన మేస్త్రిగారికి,

మీ అక్క ఇంట్లో కాస్త కుదుటపడ్డావా? ఫోనులో మనకు ఏడుపు తప్ప మాట రావడం లేదు, అందుకే ఉత్తరం. మన నర్సరీలో మొక్కలకు నీళ్లు చల్లే తుంపర లైను మొండికేసింది. మంచులా రావాల్సిన నీళ్లు ఉమ్మినట్టు వస్తున్నాయి. పంపు ఆపాక కూడా ఎక్కడో టపటపమని కారుతోంది. ఫెర్న్ ఆకుల కొసలు మాడుతున్నాయి. గొట్టాలు నీవి, మొక్కలు నావి అని పంచుకున్నాం, ఇప్పుడు రెండూ నా నెత్తిన పడ్డాయి. మన చిట్టి ఉంటే రెంచీ అయినా అందించేది. దాని మాట ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాను.

నీ తోటమాలి

ప్రియమైన తోటమాలికి,

రెంచీ చేతికొస్తే మీకు పూనకమే, అన్నీ బిగించేసి ఉంటారు. అతిగా బిగిస్తే ప్లాస్టిక్ చిట్లుతుంది. పంపు పక్కన జాయింటు విప్పి చూడండి. పాత టేపు గీకేసి, మర తిరిగే వైపే కొత్తది చుట్టండి. తుంపర చిమ్మే నాజిళ్లు వెనిగర్‌లో నానబెట్టండి. గోడవారన ఉన్న చివరి నాజిల్ జోలికి మాత్రం పోకండి. అది నేనొచ్చాక చూస్తాను.

జ్వరం మన పిల్లను తీసుకుపోయింది. ఇక్కడ దాని పేరు ఎవరూ ఎత్తరు. మీరైనా ఎత్తండి.

మీ మేస్త్రి

ప్రియమైన మేస్త్రిగారికి,

"నేనొచ్చాక" అన్నావు. ఆ ముక్క ఎన్నిసార్లు చదువుకున్నానో.

నువ్వన్నట్టే పంపు పక్క జాయింటు చిట్లింది, చిట్లగొట్టింది నేనే. మార్చాను. తుంపర మంచులా లేస్తోంది. చివరి నాజిల్ ఒక్కటే కారుతుంటే కాలు నిలవలేదు. నువ్వొచ్చేసరికి నీకు పని మిగలకూడదనిపించింది. విప్పితే, పంపు ఆగగానే నీళ్లను మూసే స్ప్రింగే లోపల లేదు. కొత్తది వేశాను, ఇప్పుడు చుక్క పడదు. చిట్టి ఆడుకున్న మూల కదా, కిందికి చూడకుండా స్టూలెక్కి పని ముగించుకొచ్చాను.

నీ తోటమాలి

ప్రియమైన మీకు,

ముందు చెంబుడు నీళ్లు తీసుకెళ్లండి. ఆ నాజిల్ కింద, ఫెర్న్‌ల వెనక, పిడి విరిగిన కప్పు ఉంటుంది. అందులో పోసొచ్చి మిగతాది చదవండి.

చిట్టి అందులో నిమ్మగింజ నాటింది. తుంపర చూసి, "నా మొక్కకి పొగ పెడుతున్నారు, నీళ్లెప్పుడు పోస్తారు?" అని పోట్లాడితే స్ప్రింగు నేనే తీసేశాను. పంపు ఆగినప్పుడల్లా దానికి నాలుగు చుక్కలు పడేవి. మొక్క పెద్దదయ్యాకే నాన్నకు చూపిద్దామంది, సరేనన్నాను. అది లీకు కాదండీ. ఆ మొక్క ఉందన్న ధైర్యంతోనే ఇంటికి రావాలనుకున్నాను. మీ ఉత్తరం చూసి ఫోను చేశాను. మీరు ఎత్తగానే పెట్టేశాను.

మీ మేస్త్రి

ప్రియమైన చిట్టి వాళ్లమ్మకి,

ఎత్తగానే ఆగిపోయిన ఆ ఫోను నీదేనని అప్పుడే తెలుసు.

నీళ్లు పోశాకే మిగతాది చదివాను. ఆకులు రాలిపోయాయి. కాడను గోటితో గీరి చూశాను, పైనంతా ఎండిపోయింది. మట్టి దగ్గర కాస్త పచ్చగా కనబడింది. నిజంగా పచ్చదనమో, నా ఆశో తేల్చుకోలేకపోతున్నాను. ఇన్నేళ్లుగా మొక్కలతో బతికి, ఈ ఒక్కదాని సంగతి చెప్పలేకపోతున్నాను.

స్ప్రింగు తీసేశాను. మళ్లీ కారుతోంది. ఆ మూలనే కూర్చుని ఇది రాస్తున్నాను. అది బతికినా, బతక్కపోయినా, నువ్వు రా.

చిట్టి వాళ్ల నాన్న